ఇల్లు, ఉద్యోగం, పిల్లలు, మధ్యలో కలం: తిరుపతి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాను. ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా పాపకు 9 ఏళ్ళు, బాబుకు 4. ఆరేళ్ళుగా కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో సహజ రంగుల బొమ్మలు, గీస్తున్నాను, మధ్యలో బాబు పుట్టినప్పుడు ఏడాదిన్నర పూర్తిగా ఆగిపోయింది. మా హాల్లో గోడ మీదున్న గుడ్డను చూసినవాళ్ళు మొదట "ఎవరు గీశారు?" అంటారు, వెంటనే "టైమ్ ఎక్కడిదమ్మా నీకు?" అంటారు. బడి గేటు దగ్గర, ఆఫీసులో, పెళ్ళి పంక్తిలో కూర్చున్నప్పుడు కూడా అవే సందేహాలు. చెప్పిందే చెప్తున్నాను కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదలుపెట్టక ముందు

రోజులో ఒక్క గంట కూడా ఖాళీ దొరకదు. నాకిది కుదిరే పనేనా?

గంట దొరికేదాకా ఆగితే పిల్లలు కాలేజీకి వెళ్ళేదాకా ఆగాల్సిందే. అందుకే గంట కోసం వెతకొద్దు, 20 నిమిషాలు చూసుకోండి. రోజుకు 20 నిమిషాల చొప్పున వారానికి ఐదు రోజులు కూర్చుంటే ఏడాదికి 86 గంటల పైనే అవుతుంది. అంత సేపట్లో ఒక చిన్న గోడ బొమ్మ, నాలుగైదు రుమాళ్ళు పూర్తవుతాయి. నావి అయ్యాయి.

కాకపోతే ఒక సంగతి ఉంది. ఆ 20 నిమిషాల్లో సామాను తీసి పరచడానికి పది, మళ్ళీ సర్దడానికి పది పోతే చేతికేమీ మిగలదు. చాలామందికి కొరత టైము కాదు, తీయగానే చేతికొచ్చేలా సామాను లేకపోవడం. కూర్చున్న రెండో నిమిషంలో కలం కదిలేలా ఏర్పాటు చేసుకోగలిగితే మీకూ కుదురుతుంది.

కలంకారీ, ఎంబ్రాయిడరీ, క్విల్లింగ్, రెజిన్... అన్నీ బాగున్నాయి. ఏది ఎంచుకోవాలి?

నేనైతే ఒకటే అడుగుతాను: కుక్కర్ విజిల్ వేసినా, పిల్లాడు ఏడ్చినా, ఆ క్షణంలో ఆ పనిని కిందపెట్టి లేవగలరా? తిరిగొచ్చేసరికి అది పాడవకుండా అలాగే ఉంటుందా?

ఎంబ్రాయిడరీ, అల్లిక ఈ పరీక్షలో సులభంగా నెగ్గుతాయి. సూది గుచ్చి పక్కన పెడితే వారం తర్వాతైనా అక్కణ్ణుంచే మొదలవుతుంది. బస్సులో, డాక్టరు దగ్గర వరుసలో కూర్చున్నప్పుడు కూడా చేసుకోవచ్చు. బంకమట్టితో చేత్తో బొమ్మలు చేయడం కూడా పర్వాలేదు, తడిగుడ్డ కప్పి డబ్బాలో మూస్తే మర్నాటికి మెత్తగానే ఉంటుంది. వాటర్ కలర్స్‌తో కొంచెం కష్టం. తడి మీద తడి వేస్తున్నప్పుడు లేచి వెళ్తే అంచులు కట్టేస్తాయి. క్విల్లింగ్, అంటే సన్నటి కాగితం ముక్కలు చుట్టి బొమ్మలు చేయడం, మంచిదే గానీ మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ ఆపి కూర్చోలేం, ఫ్యాన్ వేస్తే కాగితం చుట్టలు గదంతా ఎగురుతాయి.

రెజిన్ మాత్రం చిన్నపిల్లలున్న ఇంటికి వద్దనే చెప్తాను. రెండు ద్రవాలు కలిపాక అది గట్టిపడేలోపు పని ముగించాల్సిందే, మధ్యలో ఆగదు. పైగా చేతికి గ్లౌజులు, గదికి బాగా గాలి కావాలి. ఒక్కటే గది, అందులోనే పిల్లలు నిద్రపోతుంటే అది సరైన పని కాదు.

కలంకారీ అంటే పెద్ద పని కదా, ఉద్యోగం చేసేవాళ్ళకు ఎలా కుదురుతుంది?

అందరూ దీన్నే చూసి భయపడతారు. నాకు మాత్రం తీరిక లేనివాళ్ళకు ఇంతకన్నా సరిపడే కళ కనిపించలేదు. ఎందుకంటే ఇందులో సగం పని ఎదురుచూడటమే. ఆ ఎదురుచూపులో మీరు వంట చేసుకోవచ్చు, ఆఫీసుకు వెళ్ళి రావచ్చు.

శ్రీకాళహస్తి పద్ధతి ఎలా సాగుతుందో చూడండి. ముందు గాడా గుడ్డను (ముతక నూలుగుడ్డను) బాగా ఉతికి గంజి వదిలించాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేయాలి. పాలలోని కొవ్వు వల్ల గుడ్డ మీద రంగు పాకిపోకుండా గీసిన చోటే నిలుస్తుంది. ముంచి పిండడానికి అరగంట చాలు, మిగతాదంతా ఎండ చూసుకుంటుంది. ఈ ఒక్క విషయంలో తిరుపతి ఎండకు దండం పెట్టాలి. పాల వాసన మాత్రం రెండు మూడు రోజులు ఉంటుంది, కాబట్టి బాల్కనీలో కాకుండా మిద్దె మీద ఆరేయండి.

నల్ల రంగు కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి సుమారు మూడు వారాలు ఊరబెడతారు. ఒకసారి కుండలో వేసి మూత కడితే మీరు చేయాల్సిందేమీ లేదు, అప్పుడప్పుడు కలపడం తప్ప. వడకట్టిన కసిమి కలంలో ఉన్నప్పుడు పలచగా, లేత రంగులో కనిపిస్తుంది. గుడ్డ మీద గీయగానే కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి కళ్ళముందే నల్లబడుతుంది. ఆరేళ్ళయినా ఆ నల్లబడటం చూస్తే నాకు ఆనందమే.

చింతబొగ్గుతో (కాల్చిన చింతపుల్లలతో) బొమ్మ వేసుకోవడం, దాని మీద కసిమితో గీతలు, ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు పూయడం. ఇవన్నీ విడివిడి పనులు. ఒకరోజు నెమలి మెడ వరకే గీశారనుకోండి, ఏమీ కాదు. పటిక పూశాక ఎలాగూ ఒకటి రెండు రోజులు ఆగాలి. ఆ తర్వాత పారే నీళ్ళలో ఉతికి, ఎర్రరంగు ఇచ్చే మొక్కల వేళ్ళతో ఉడకబెట్టే పని మాత్రం ఒక పూట తీసుకుంటుంది. అది ఆదివారానికి పెట్టుకోండి. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు ఆ తర్వాతి వారాల్లో.

మొదటిసారే పెద్ద పురాణ ఘట్టం మొదలుపెట్టకండి. చేతిరుమాలంత గుడ్డ, ఒక హంస, చుట్టూ చిన్న బోర్డరు చాలు. నాకు మొదటి హంసకు రెండున్నర నెలలు పట్టింది.

నాకు బొమ్మలు గీయడమే రాదు. ఎలా?

ముగ్గు వేస్తారా? చుక్కల ముగ్గు వేసే చేతికి సమదూరం, వంపు, గీత ఆపాల్సిన చోటు అన్నీ తెలుసు. బోర్డర్లతో మొదలుపెట్టండి. లత, ఆకు, మొగ్గ, మళ్ళీ లత. మూడు నెలలు బోర్డర్లే గీసినా తప్పులేదు. ముఖాలు, చేతివేళ్ళు తర్వాత వాటంతటవే వస్తాయి.

"దీంతో ఏమొస్తుంది, కడుపు నిండుతుందా" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. ఏం చెప్పాలి?

మా అత్తయ్య కూడా అన్నారు. నేను వాదించలేదు. ఆమెకు కుట్టుపని వచ్చు, పెళ్ళైన కొత్తలో కుట్టిన దిండు గలేబులు ట్రంకులో దాచుకున్నారు. ఒకరోజు వాటిని చూపించమని అడిగాను. తీసి చూపిస్తూ ఏ పువ్వు ఎవరి దగ్గర నేర్చుకున్నారో గంటసేపు చెప్పారు. ఆ తర్వాత నేను గీసుకునే వేళకు పిల్లాణ్ణి ఎత్తుకుని కిందికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు.

మనకన్నా ముందు ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసే ఉంటారు. సంసారంలో పడి మానేసి ఉంటారు. దాని గురించి అడగండి. ఇంటి పని ఆగదని మాటల్లో చెప్పడం కన్నా నెలరోజులు చేసి చూపిస్తే నమ్ముతారు.

## మొదటి మూడు నెలలు

మాది రెండు గదుల ఇల్లు. సామాను ఎక్కడ పెట్టుకోవాలి?

ప్రత్యేకంగా గది అక్కర్లేదు, ఒక పళ్ళెం కావాలి. నేను పెద్ద స్టీలు పళ్ళెంలో అన్నీ ఉంచుతాను: మూత గట్టిగా పడే చిన్న సీసాలో కసిమి, రెండు కలాలు, చింతబొగ్గు, పాత నూలుగుడ్డ, పని జరుగుతున్న గుడ్డ బిగించిన అట్ట. ఆ పళ్ళెం బీరువా మీద ఉంటుంది. దించితే పని మొదలు, పైకెత్తితే పని పూర్తి. కలం అంటే వెదురుపుల్ల మొన చెక్కి, దాని పైన ఉన్ని చుట్టి దారంతో కట్టిందే. ఉన్ని రంగు పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే మొనకు దిగుతుంది. చోటు పెద్దగా పట్టదు.

ఎంబ్రాయిడరీ అయితే పాత బిస్కెట్ల డబ్బా చాలు. మీ పని మొత్తం ఒక చేత్తో ఎత్తగలిగేంతలో ఉండాలి, అదే నా కొలత.

పొద్దున లేచి చేసుకోవడం మంచిదా, పిల్లలు పడుకున్నాక రాత్రి మంచిదా?

గీత సన్నగా రావాల్సిన పని పొద్దున. ఆలోచన అక్కర్లేని పని రాత్రి. రాత్రి పదింటికి ఒళ్ళు అలిసి ఉన్నప్పుడు కసిమితో కనురెప్ప గీయబోయి నేను రెండు ముఖాలు పాడుచేశాను. ఇప్పుడు రాత్రిపూట పెద్ద ఆకులు నింపడం, మర్నాటికి డిజైన్ ఎంచుకోవడం, దారాలు విడదీయడం వరకే చేస్తాను.

తెల్లవారుజామున లేవడం అందరికీ పడదు. పాలిచ్చే తల్లులు, షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు నిద్ర మానుకుని మరీ చేయకండి. మధ్యాహ్నం భోజన విరామంలో పావుగంట దొరికితే అది కూడా టైమే. నా ఆఫీసు బ్యాగులో ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది, బోర్డర్లన్నీ ముందు అందులోనే పుట్టాయి.

ఖర్చు ఎంతవుతుంది? ముందే అన్నీ కొనిపెట్టుకోవాలా?

వద్దు. మొదటి నెలకు ఒక మీటరు నూలుగుడ్డ, ఒక కలం, ఒక రంగు చాలు. గాంధీరోడ్డు అంగళ్ళకు వెళ్ళి రంగుల పెట్టెలన్నీ తెచ్చుకుంటే పని మొదలైనట్టు అనిపిస్తుంది గానీ పెట్టెలు పెట్టెల్లానే ఉండిపోతాయి. మొదటిది పూర్తయ్యాకే రెండో రంగు కొనండి. చాలా సామాను ఇంట్లోనే ఉంటుంది. తుప్పు మేకులు, బెల్లం, చింతపుల్లలు, పాత ఉన్ని ముక్క, ఇవేవీ కొనాల్సినవి కావు.

క్రాఫ్ట్ వీడియోలు చూస్తూ ఉన్న టైమంతా అయిపోతోంది. ఏం చేయాలి?

చూడటం వేరే రోజు, చేయడం వేరే రోజు అని పెట్టుకోండి. నేను ఆదివారం మధ్యాహ్నం చూస్తాను, నచ్చింది నోటుపుస్తకంలో రెండు గీతల్లో వేసుకుంటాను. మిగతా రోజుల్లో పళ్ళెం దించేటప్పుడు ఫోన్ వంటింట్లో ఉంటుంది. ఆ వీడియోల్లో 30 సెకన్లలో అయ్యే పని నిజంగా నాలుగు రోజులది అని గుర్తుంటే మన నిదానం మనల్ని బాధపెట్టదు.

పద్ధతిగా నేర్చుకోవాలంటే ఇక్కడ ఎక్కడికి వెళ్ళాలి?

కలంకారీకి శ్రీకాళహస్తి మనకు 40 కిలోమీటర్ల లోపే. బస్సులు ఎప్పుడూ ఉంటాయి. అక్కడ ఇళ్ళలోనే పనిచేసే కళాకారులు చాలామంది ఉన్నారు, మర్యాదగా అడిగితే కూర్చోబెట్టి చూపిస్తారు. ఈ కళ దాదాపు కనుమరుగయ్యే స్థితిలో ఉన్నప్పుడు 1950లలో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ మొదలైంది. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఒక్కసారైనా పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. గుడ్డలు ఉతికి ఆరేసే చోట నిలబడి చూస్తే పుస్తకాల్లో దొరకనిది అర్థమవుతుంది.

తిరుపతిలో టీటీడీ వారి సంప్రదాయ శిల్పకళాశాల ఉంది, కానీ అది పూర్తికాలం చదువుకునేవాళ్ళ కోసం. మన పిల్లలెవరికైనా ఆసక్తి ఉంటే గుర్తుపెట్టుకోండి. తిరుచానూరు రోడ్డులో శిల్పారామం ఉంది. కొయ్యబొమ్మల మీద ఇష్టముంటే ఏర్పేడు దగ్గర మాధవమాల, మట్టిపని ఇష్టమైతే పలమనేరు వైపు వెళ్ళండి.

క్లాసులో చేరితే మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టకండి. నేనొక చోట అలా కట్టి, పిల్లాడికి జ్వరాలు వచ్చి నాలుగు క్లాసులకే వెళ్ళగలిగాను. పిల్లలున్నవాళ్ళకు ఏ క్లాసుకు ఆ క్లాసు డబ్బు కట్టే పద్ధతి మేలు.

## ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు

బిడ్డ పుట్టాక కలం ముట్టుకోలేదు. మర్చిపోతానేమో అని భయంగా ఉంది.

మర్చిపోరు. నేను ఏడాదిన్నర ఆగాను. మొదటి రెండు రోజులు గీత వణికింది, మూడో రోజుకు సర్దుకుంది. ఆ కాలంలో చేయగలిగింది చూడటం మాత్రమే అయితే చూడండి చాలు. పాలిచ్చేటప్పుడు ఎదురుగోడ మీద ఒక మంచి బొమ్మ పెట్టుకున్నాను, ఆ నెలల్లో దాని ప్రతి గీత నాకు తెలిసిపోయింది. బిడ్డ మొదటి ఏడాదిలో కొత్తది నేర్చుకోవాలని మిమ్మల్ని మీరు తొందరపెట్టకండి. ఎప్పుడూ దిగులుగా ఉంటే, నిద్ర పట్టకపోతే, దేనిమీదా మనసు పోకపోతే అది క్రాఫ్ట్‌తో తీరే విషయం కాదు. ఇంట్లోవాళ్ళకు, డాక్టరుకు చెప్పండి.

పాకే పిల్లాడున్న ఇంట్లో ఏ సామాను జాగ్రత్తగా పెట్టాలి?

నోట్లో పట్టేంత చిన్నదేదైనా ప్రమాదమే. పూసలు, గుండీలు, కుందన్ రాళ్ళు మూడేళ్ళ లోపు పిల్లలకు గొంతులో అడ్డుపడతాయి. వాటికన్నా ఎక్కువ భయపడాల్సినవి రెండు: అలంకరణ దీపాల్లో ఉండే గుండీ ఆకారపు బ్యాటరీలు, ఫ్రిజ్ బొమ్మలకు అతికించే చిన్న అయస్కాంతాలు. మింగితే లోపల గాయం చేస్తాయి. మింగారన్న అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ రెండూ పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్ళు ఇంటికే తేవద్దు.

గ్లూ గన్ ప్లగ్గు తీసేశాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది. సూదులు లెక్కపెట్టి తీయండి, లెక్కపెట్టి పెట్టండి. సహజ రంగులు కదా అని కసిమి, పటిక నీళ్ళు, నీలిమందు అందేలా ఉంచకండి, అవి తాగేవి కావు. ఊరబెట్టిన కుండ మా ఇంట్లో మిద్దె మీద తాళం వేసిన చిన్న గదిలో ఉంటుంది. కూల్‌డ్రింక్ సీసాల్లో ఏ రంగూ పోసిపెట్టొద్దు. పిల్లలే కాదు, ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు కూడా పొరబడతారు.

రెండేళ్ళ పాప నా కలమే కావాలంటుంది. ఏమిచ్చి కూర్చోబెట్టాలి?

నీళ్ళ గిన్నె, పాత పెయింటు బ్రష్షు ఇచ్చి మిద్దె మీద సిమెంటు నేల చూపించండి. గీసిందల్లా నల్లగా కనిపిస్తుంది, మన ఎండకు నిమిషాల్లో ఆరిపోతుంది, మళ్ళీ గీస్తుంది. రంగు లేదు, మరక లేదు. పొద్దున ఎండ ఎక్కక ముందే సుమా. ఇంట్లోనైతే పలక, తడిగుడ్డ. చపాతీపిండి ముద్ద కూడా మంచి బంకమట్టే. ఆ వయసులో 10 నిమిషాలకు మించి కూర్చోరు. ఆ పదిలో మీరు రెండు ఆకులు గీస్తే ఆ రోజుకు చాలు.

## బడికి వెళ్ళే పిల్లలతో

పిల్లలతో కలిసి క్రాఫ్ట్ చేస్తే నా టైము కూడా కలిసొచ్చినట్టేనా?

కాదు. ఈ రెండూ వేర్వేరని తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది. పిల్లలతో చేసేటప్పుడు మీ కళ్ళు వాళ్ళ కత్తెర మీద ఉంటాయి, మీ చేతులు వాళ్ళ జిగురు మూత తీస్తుంటాయి. అది అమ్మగా, నాన్నగా చేసే పని. చాలా మంచి పని, ఆనందం కూడా. కానీ అదయ్యాక "నేను నాకోసం ఏమీ చేసుకోలేదు" అన్న వెలితి ఉంటే అది న్యాయమైనదే.

నేను ఇప్పుడు శనివారం సాయంత్రం పిల్లలతో, మిగతా రోజుల్లో నా పళ్ళెంతో అని విడగొట్టాను. నా పని వేళ పాప పక్కనే కూర్చుని తన బొమ్మ తను వేసుకుంటుంది. నేను తనది దిద్దను, తను నన్ను అడగదు. ఒకే చాప మీద ఇద్దరం, ఎవరి పని వాళ్ళది. ఈ పద్ధతికి అలవాటు పడటానికి నెల పట్టింది. మొదట ప్రతి రెండు నిమిషాలకు "అమ్మా ఇది చూడు" అనేది. "గంట ముల్లు ఆరు మీదికి వచ్చాక అన్నీ చూస్తాను" అని చెప్పి, ఆరింటికి నిజంగానే అన్నీ చూసేదాన్ని. మాట తప్పకపోతే పిల్లలు ఆగుతారు.

స్కూల్ ప్రాజెక్టులు చేయడానికే రాత్రులు గడిచిపోతున్నాయి. ఎలా తప్పించుకోవాలి?

పిల్లల ప్రాజెక్టు పిల్లలు చేయాలి. రాత్రి తొమ్మిదింటికి థర్మోకోల్ కోసం పరుగెత్తి, మనమే కోసి, మనమే అంటించి పంపితే పిల్లలు నేర్చుకునేది ఏముంది? నేను మా పాపకు రెండే సహాయాలు చేస్తాను: కత్తితో కోయాల్సింది కోసిస్తాను, జిగురు ఆరేదాకా పట్టుకుంటాను. మొదటిసారి తన మోడల్ వంకరగా వచ్చింది. మిగతావి అంగట్లో కొన్నట్టు ఉన్నాయని వచ్చి ఏడ్చింది. టీచరుతో నేనే వెళ్ళి మాట్లాడాను, ఇది తను ఒక్కతే చేసిందని చెప్పాను. ఆవిడ సంతోషించారు. ప్రతి టీచరూ అలా ఉండకపోవచ్చు, అయినా అడగడం మన హక్కు.

అట్టపెట్టెలు, గుడ్డపేలికలు, ఐస్‌క్రీమ్ పుల్లలు ఒక సంచిలో ఎప్పుడూ ఉంచితే రాత్రి పరుగులు సగం తగ్గుతాయి.

నెలల తరబడి చేసింది పిల్లాడు పాడుచేశాడు. కోపం ఆపుకోలేకపోయాను.

మా బాబు కూడా కసిమి సీసా ఒలకబోశాడు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద కసిమి పడితే ఉతికినా పోదు. నాలుగు నెలల పని. అరిచాను, వాడు మంచం కిందికి దూరాడు. సాయంత్రానికి ఇద్దరం ఏడ్చాక ఆ మరకను చూశాం. అది చెట్టు మొదలంత ఉంది. దానికి కొమ్మలు గీశాను, ఆకులు పెట్టాను. మా హాల్లో ఉన్నది ఆ గుడ్డే. వాడు వచ్చినవాళ్ళందరికీ "ఈ చెట్టు నాది" అని చెప్తాడు.

కోపం రావడం సహజం, అంత శ్రమ పడ్డారు కదా. చల్లబడ్డాక పిల్లలకు సారీ చెప్పండి. ఆపైన మూత గట్టి సీసా కొనండి, సీసాలో ఒక పూటకు సరిపడా మాత్రమే పోసుకోండి. అన్ని మరకలూ చెట్లు కావు, కొన్ని గుడ్డలు పోతాయి.

పిల్లల్ని పక్కన పెట్టి నాకోసం నేను గీసుకుంటుంటే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది.

మీరు టీవీ చూసినప్పుడు ఇలా అనిపిస్తుందా? ఫోన్ చూసినప్పుడు? చాలామందికి అనిపించదు. ఇష్టమైన పని చేసుకునేటప్పుడే అనిపిస్తుంది. నాకూ అంతే. ఒకరోజు బడిలో "మా అమ్మ" అని వ్యాసం రాయమంటే పాప "మా అమ్మ గుడ్డ మీద హంసలు వేస్తుంది, గీసేటప్పుడు నాలుక కొంచెం బయట పెడుతుంది" అని రాసింది. వంట, టిఫిన్ డబ్బా గురించి ఒక్క మాటా లేదు. అది చదివినప్పటి నుంచి ఆ తప్పు అనే ఆలోచన నా దగ్గరికి పెద్దగా రావడం లేదు.

నేను నాన్నను. షిఫ్టు డ్యూటీ. ఇవన్నీ ఆడవాళ్ళ పనులంటారు. మొదలుపెట్టొచ్చా?

తప్పకుండా పెట్టండి. శ్రీకాళహస్తిలో కలం పట్టినవాళ్ళలో, మాధవమాలలో ఉలి పట్టినవాళ్ళలో మగవాళ్ళు ఎందరో ఉన్నారు. షిఫ్టు డ్యూటీకి ఒక లాభం కూడా ఉంది: పిల్లలు బడిలో ఉండే పగటి వెలుతురు మీకు దొరుకుతుంది. డ్యూటీ మారినప్పుడల్లా టైము మారుతుంది కాబట్టి గడియారం ప్రకారం పెట్టుకోకండి. "నిద్రలేచి టీ తాగాక" అని పెట్టుకోండి, అది ఏ షిఫ్టులోనైనా ఒకటే. ఇంకొక మాట. మీరు కూర్చున్నప్పుడు ఇంటి పని మీ భార్య మీద పడుతుంటే, ఆమెకూ వారంలో అంతే సేపు ఖాళీ దొరికేలా చూడండి.

## చుట్టాలు, పండగలు

మా ఇంటికి దర్శనానికి చుట్టాలు వస్తూనే ఉంటారు. అలవాటు నిలవడం లేదు.

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళకే తెలిసిన కష్టం ఇది. వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఎప్పుడూ ఎవరో ఒకరు. స్వామి దగ్గరికి వచ్చేవాళ్ళకు అన్నం పెట్టడం మనకు ఇష్టమే, దాన్ని తగ్గించుకోమని నేను చెప్పను.

రెండు పనులు చేస్తాను. వాళ్ళు కొండకు వెళ్ళిన రోజు ఇల్లు ఖాళీగా ఉంటుంది, ఆ రోజు ఇల్లు తుడవడానికి ముందే పళ్ళెం దించుతాను. వాళ్ళు ఇంట్లో ఉన్న రోజుల్లో చేతిలో ఎంబ్రాయిడరీ ఉంచుకుంటాను, మాట్లాడుతూనే చేయొచ్చు. మా పిన్ని ఒకసారి లడ్డూలు పంచుతూ నా చేతిలోని ఎంబ్రాయిడరీ చక్రం లాక్కుని తను రెండు పువ్వులు కుట్టి ఇచ్చింది.

పండగలకు చేసే ముగ్గులు, కొలువు, ఇవన్నీ కళ కిందికి వస్తాయా? లేక విడిగా చేయాలా?

నిక్షేపంగా వస్తాయి. ధనుర్మాసం నెలంతా రోజూ వాకిట్లో ముగ్గు వేసేవాళ్ళు "నాకు కళ లేదు" అనడం నాకు బాధనిపిస్తుంది. ఆ నెలలో ముగ్గే మీ సాధన అనుకోండి, వేరే ఏమీ పెట్టుకోవద్దు. వేసిన ముగ్గు ఫోటో తీసి పెట్టుకుంటే ఏడాదికి సరిపడా బోర్డర్లు దొరుకుతాయి.

వినాయక చవితికి బంకమట్టితో విగ్రహం ఇంట్లోనే చేయండి, పిల్లలు తొండం చుట్టడానికి పోటీ పడతారు. లోపల మరీ మందంగా ఉంటే ఆరేటప్పుడు పగుళ్ళు వస్తాయి, నీడలో నెమ్మదిగా ఆరనివ్వండి. దసరా కొలువుకు ఏడాదికి ఒక్క కొత్త బొమ్మ సొంతంగా చేయాలని మేము పెట్టుకున్నాం. మే నెలలో గంగమ్మ జాతర వస్తే మరీ సంబరం. బైరాగి వేషానికి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, అన్నీ ఒంటి మీద వేసే చిత్రాలే కదా. వెదురుబద్దలతో గోపురంలా కట్టే సప్పరాలను చూసి మా పాప చీపురుపుల్లలతో చిన్నది కట్టింది. పిల్లల వేషానికి ముందు రోజు చేతి మీద కొంచెం పూసి దురద వస్తుందేమో చూడండి.

## ఆగిపోయినప్పుడు, ఆ తర్వాత

మూడు నెలలుగా పళ్ళెం దించలేదు. మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?

ఆగిన బొమ్మతో మొదలుపెట్టకండి. ఒక పాత గుడ్డముక్క మీద పది నిమిషాలు గీతలు గీయండి, అంతే, ఆ రోజుకు సర్దేయండి. ఎండిన రంగులు పారేయండి, కలం మీద ఉన్ని కొత్తది చుట్టండి. పరీక్షల నెల, జ్వరాల నెల, మార్చిలో ఆఫీసు లెక్కల నెల ప్రతి ఏడాదీ వస్తాయి. వాటిని ముందే సెలవు నెలలుగా క్యాలెండర్‌లో రాసుకుంటే ఆగిపోయానన్న టెన్షన్ ఉండదు.

చేసినవి అమ్మొచ్చా? అందరూ అమ్మమంటున్నారు.

అమ్మొచ్చు, కానీ మొదటి ఏడాది వద్దు. ఆర్డరు తీసుకున్న రోజు నుంచి అది ఇంకో ఉద్యోగం అవుతుంది, గడువు వస్తుంది, పిల్లల జ్వరం గడువు చూడదు. అమ్మాలనుకుంటే ముందు పూర్తి చేసి, తర్వాతే అమ్మకానికి పెట్టండి.

ఏమని చెప్పి అమ్ముతున్నారో కూడా నిజాయితీగా ఉండాలి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు మీద తరాలుగా బతికే కుటుంబాలున్నాయి. ఫ్యాబ్రిక్ పెయింటుతో వేసింది, అచ్చు వేసింది ఆ పేరుతో అమ్మితే వాళ్ళ కూడు తీసినట్టే. "కలంకారీ చూసి ఫ్యాబ్రిక్ పెయింటుతో వేసింది" అని చెప్పండి, కొనేవాళ్ళు కొంటారు.

మొదలుపెట్టి వదిలేసినవి నాలుగు పేరుకుపోయాయి. వాటిని చూస్తేనే కొత్తది చేయబుద్ధి కావడం లేదు.

నాలుగూ మంచం మీద పరచండి. చూడగానే చేయి పోయేది ఒకటి ఉంటుంది, అది ఉంచుకోండి. రెండోది కత్తిరించి చిన్న చిన్న ముక్కలుగా పూర్తి చేయొచ్చేమో చూడండి. నేను సగం గీసిన చీర కొంగును అలా ఆరు పుస్తకాల అట్టలుగా మార్చాను. మూడోది మీకన్నా ఎక్కువ ఇష్టపడేవాళ్ళకు ఇచ్చేయండి. నాలుగోది పిల్లలకు ఇవ్వండి. మా పాప నా సగం నెమలికి స్కెచ్ పెన్నులతో ఆకుపచ్చ బూట్లు వేసి, తన చదువుకునే బల్ల మీద అంటించుకుంది.